నీలం తలుపు తీసే ఉంది

తైనాన్, ఆగస్టు 19

సూలువాన్,

ముందు ఇది చెప్పు. పైకప్పు రేకులకు తాళ్ళు బిగించావా? తుఫాను మీ పెంఘు ద్వీపం వైపు తిరుగుతోందని రేడియోలో విన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. నీ చెవులు పనిచేస్తుంటే ఫోన్లోనే అడిగేదాన్ని. నువ్వేమో అరిచినా వినవు, నేనేమో కలం పట్టుకుంటే అక్షరాలు ఎండ్రకాయల్లా పక్కకు నడుస్తాయి. నాలుగో తరగతితో బడి మాన్పించిన నాన్నను ఇప్పుడు తిట్టుకుని లాభమేముంది. చెల్లెలివి కాబట్టి ఓపికగా చదువుకో.

ఇక్కడ ఒక ఘోరం జరిగింది. చేసింది నేనే గానీ తప్పు నాది కాదు.

మన ఆచింగ్ సంగతి నీకు తెలుసుగా. వాళ్ళమ్మ షించూలో కంప్యూటరు చిప్పుల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసుకుంటూ ఉంటే, పాలపళ్ళ నాటి నుంచి దాన్ని పెంచింది నేను. ఇరవై దాటిన పిల్ల. దాని ఉద్యోగం ఏమిటంటే గదిలో కూర్చుని కంప్యూటర్లో ఆటలాడటం. అది ఆడుతుంటే ఎక్కడెక్కడి జనమో ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని చూస్తారు. "వాళ్ళకు చేతుల్లేవటే ఆడుకోవడానికి?" అని అడిగితే "నీకు అర్థం కాదులే అమ్మమ్మా" అంటుంది. మొహం చూపించదు, యూచింగ్ అన్న అసలు పేరు చెప్పదు. 'ఉప్పురేగు' అని ఒక దొంగ పేరు పెట్టుకుంది.

పోయిన ఆదివారం మధ్యాహ్నం నేను వంటింట్లో ముల్లంగి తరుగుతున్నాను. గదిలోంచి కేక. మామూలు కేక కాదు, గొంతు చీలిపోయే కేక. వెనకే కుర్చీ పడ్డ చప్పుడు. పరిగెత్తి చూస్తే పిల్ల నేల మీద ఉంది. మొహం సున్నం కొట్టినట్టుంది, చేతులు వణుకుతున్నాయి. తెర మీద జుట్టు విరబోసుకున్న దయ్యం. ఆటలోదేనట! ఆటలోదైతే మాత్రం, దడుచుకున్న ప్రాణం ఊరికే ఉంటుందా? అందులోనూ ఇది పోయినవాళ్ళందరూ తిరిగొచ్చే దయ్యాల నెల.

నేనింకేమీ ఆలోచించలేదు. మన అమ్మ చేసినట్టే చేశాను. గ్లాసు నిండా బియ్యం పోసి, తాడు మీద ఆరేసిన దాని చొక్కాలో బిగించి కట్టి, దాని తల చుట్టూ తిప్పుతూ, బెదిరి పారిపోయిన ప్రాణాన్ని పిలిచాను. ప్రాణానికి దారి తెలియాలంటే పేరూ ఇల్లూ తప్పు లేకుండా చెప్పాలి కదా. చెప్పాను.

"క్వో యూచింగ్! గుర్రం ఏట పుట్టిన క్వో యూచింగ్! తైనాన్ ఊళ్ళో, చేపల బజారు వెనక సందులో, మంగలి లియావ్ పక్కిల్లు! నీలం తలుపు తీసే ఉంది, అన్నం వేడిగా ఉంది! ఎక్కడా ఆగకు, ఎవరితో మాట్లాడకు, తిన్నగా ఇంటికి రా!"

మూడుసార్లు పిలిచాను. నా గొంతు నీకు గుర్తుండే ఉంటుంది, బజార్లో చేపలమ్మిన గొంతు.

ఆ పిల్ల లేచి కూర్చుని, "అమ్మమ్మా, మైకు ఆన్‌లో ఉంది" అంది.

ఉంటే నాకేం తెలుస్తుంది? నేనేమైనా పెట్టానా మైకు?

ఎవడో ఆ పిలుపును చిన్న ముక్కగా కత్తిరించాడట. ఇప్పుడది దేశమంతా తిరుగుతోంది. పిల్లి తప్పిపోతే ఆ పిల్లి బొమ్మకు నా గొంతు. మొగుడు తాగడానికి పోతే నా గొంతు. బస్సులో గొడుగు మర్చిపోయినవాడికీ నా గొంతే. బేస్‌బాల్ మైదానంలో ఆటగాడు 'ఇల్లు' అని పిలిచే ఆఖరి గడి వైపు పరిగెడుతుంటే మైకుల్లో నేను! ఆచింగ్ తలెత్తుకోలేకపోతోంది.

నా భయం వేరు. దయ్యాల నెలలో 'తలుపు తీసే ఉంది, అన్నం వేడిగా ఉంది' అని ఇన్ని ఫోన్లలోంచి పిలిస్తే ఎవరెవరు వస్తారో! గుమ్మంలో అగరొత్తులు రెట్టింపు చేశాను. మాత్రలు వేసుకుంటున్నావా?

అక్క బీహో


పెంఘు, ఆగస్టు 27

అక్కా,

రేకులూ ఉన్నాయి, నేనూ ఉన్నాను. తుఫాను నీలాంటిది కాదు, అనుకున్నంత గోల చెయ్యకుండా పక్కనుంచి పోయింది. మాత్రలు వేసుకుంటున్నాను. ఈ రెండూ వచ్చే ఉత్తరంలో మళ్ళీ అడుగుతావని తెలుసు, దానికీ జవాబు ఇదే.

నీ గొంతు దేశమంతా వింటోందన్నమాట. నేనొక్కదాన్నే తప్పించుకున్నాను. చెవులు పోయేదాకా విన్నాను చాల్లే. రేవులో స్క్విడ్ చేపలు ఆరబెట్టే ఆడవాళ్ళు మొన్న ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని ఒకే మాట అనుకుంటూ పడీ పడీ నవ్వుతున్నారు. పెదాలు చూసి పట్టుకున్నాను, 'అన్నం వేడిగా ఉంది' అంటున్నారు. వీళ్ళింట్లో ఇవాళ అందరూ వేడన్నమే తిన్నారు కాబోలు అనుకున్నాను. నీ ఉత్తరం వచ్చాక అర్థమైంది.

ఒక సంగతి మర్చిపోయావు నువ్వు. అమ్మ ప్రాణాన్ని పిలిచేటప్పుడు ఊరికే పిలిచేది కాదు. ఇంట్లోవాళ్ళు ఎవరో ఒకరు బదులు పలకాలి. నువ్వు దడుచుకున్నప్పుడల్లా బియ్యపు తొట్టి వెనక నించుని "వచ్చేశా!" అని అరిచింది నేనే కదా. బదులు వినబడ్డాకే అమ్మ మూట విప్పేది. మీ ఇంట్లో ఎవరు పలికారు? ఎవరూ పలకలేదు కదా. మరి పిలుపు ఊరంతా తిరగక ఏం చేస్తుంది?

నీ చెల్లి సూలువాన్


తైనాన్, సెప్టెంబరు 9

సూలువాన్,

ఎకసెక్కాలు తర్వాత ఆడుదువుగాని. దయ్యాలు రాలేదు, కాలేజీ పిల్లలొచ్చారు. దయ్యాలైతే అగరొత్తి వాసన చూసి పోయేవి.

మొదటి రోజు ఇద్దరు. నీలం తలుపు ముందు నించుని ఫోటోలు. నేను బయటికెళ్ళి "ఎవరు కావాలమ్మా?" అన్నాను. అందులో ఒకతి చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకుని కిచకిచలాడి, "అమ్మమ్మా, అన్నం వేడిగా ఉందా?" అంది. అడిగితే లేదంటానా? పొయ్యి మీద పాలచేప గంజి ఉంది. పెట్టాను. అదే నా కొంప ముంచింది. మర్నాడు ఆరుగురు. ఆదివారం సందు చివరిదాకా స్కూటర్లు. మంగలి లియావ్‌కు మాత్రం పండగే, కాచుకుని ఉన్నవాళ్ళందరికీ జుట్టు కత్తిరిస్తున్నాడు. "వదినగారూ, మీ నోట్లో పంచదార పొయ్యాలి" అంటాడు. వాడి నోట్లో నేను ఏం పొయ్యాలో నాకు తెలుసు.

ఆచింగ్ తలుపులు వేసుకుని గదిలోనే. నిన్న బయటికొచ్చి నా మీద విరుచుకుపడింది.

"వాళ్ళను ఎందుకు కూర్చోబెడతావు అమ్మమ్మా? గంజి ఎందుకు పోస్తావు?"

"ఆకలంటుంటే తరిమెయ్యమంటావా?"

"ఆకలి కాదు! వీడియో కోసం! నేను ఆడుతుంటే ఒక్కడు ఆట చూడటం లేదు. 'అమ్మమ్మ ఎక్కడ, అమ్మమ్మను పిలువు' అని రాస్తున్నారు. నా పేరు తెలిసిపోయింది, ఇల్లు తెలిసిపోయింది. ఇంకేం మిగిలింది నాకు?"

"నీ ప్రాణం మిగిలింది కదే. దానికోసమే కదా పిలిచాను."

అంతే, తలుపు దడాలున వేసుకుంది. సరిగ్గా తినడం లేదు. కళ్ళ కింద నల్లగా. నువ్వన్నట్టు ఆ రోజు ఎవరూ బదులు పలకలేదు, దాని ప్రాణం ఇంకా వీధుల్లోనే తిరుగుతోందేమోనని నాకు బెంగ.

ఇంకొకటి చెబుతాను, ఎవరికీ రాయకు. నూడుల్స్ కంపెనీ నుంచి ఒక కుర్రాడొచ్చాడు, తెల్ల చొక్కా, వంగి వంగి దణ్ణాలు. "అమ్మమ్మా, పేరూ వీధీ లేకుండా ఇంకోసారి పిలిచి ఇవ్వండి. కొత్తది వస్తే జనం పాతది మర్చిపోతారు, మీ ఇంటికి రావడం మానేస్తారు" అన్నాడు. నాకు నిజమే అనిపించింది. పిల్లకు చెబితే వద్దంటుంది. అందుకని కూరగాయలకని చెప్పి వెళ్ళి, వాళ్ళ గాజు గదిలో చెవులకు డిప్పలు పెట్టుకుని పిలిచి వచ్చాను. ఇందులో తప్పేముందో నువ్వే చెప్పు.

అక్క బీహో


తైనాన్, సెప్టెంబరు 21

సూలువాన్,

ఆచింగ్ ఇల్లొదిలి వెళ్ళిపోయింది.

మొన్న మధ్యాహ్నం టీలో ఉడికించిన గుడ్లు కొనుక్కొస్తానని వీధి మూల దుకాణానికి వెళ్ళింది. ఇన్నాళ్ళకు బయటికి కదిలిందని నేను సంతోషపడ్డాను. ఆ దుకాణం గాజు తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఏదో గంట మోగుతుంది కదా, ఆ గంట తీసేసి నూడుల్స్ కంపెనీవాళ్ళు నా గొంతు పెట్టారట. అది అడుగు లోపల పెట్టగానే నెత్తి మీంచి నేను, 'తిన్నగా ఇంటికి రా!' అని. లోపలున్న వాళ్ళందరూ నవ్వారట. నూడుల్స్ డబ్బా మీద ముసలమ్మ బొమ్మ కూడా ఉంది. నా ముక్కు అలా ఉండదు.

డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఇది కూడా నువ్వేనా?"

"నీకోసమే కదే! పేరూ వీధీ లేకుండా..."

"మొదటిది పొరపాటున అయింది అమ్మమ్మా. ఆ రోజు నువ్వు నన్నే పిలిచావు. మరి ఇది? ఇది ఎవర్ని పిలిచావు?"

అది అరవలేదు. అరిస్తే బాగుండేది. కంప్యూటరు సంచీలో పెట్టుకుని, 'వెతకొద్దు' అని కాగితం రాసి పెట్టి వెళ్ళిపోయింది. వాళ్ళమ్మ ఫోన్‌కు మాత్రం 'బాగానే ఉన్నాను' అని ఒక మాట పంపిందట. వాళ్ళమ్మ నాతో, "అమ్మా, నాకు షిఫ్టుంది, మీరిద్దరూ తేల్చుకోండి" అంటుంది. ఎలా తేల్చుకోవాలి, ఎదురుగా మనిషే లేకపోతే?

ఈ జనం రావడం మానితే పిల్ల వస్తుందని లియావ్ దగ్గర నిచ్చెన తెచ్చి తలుపుకు బూడిద రంగు వేశాను. నిజంగానే మానేశారు. సందు చివరిదాకా వచ్చి, నీలం తలుపు కనబడక వెనక్కి పోతున్నారు. ఇప్పుడు ఇంకో భయం పట్టుకుంది. అది వచ్చినా ఇల్లు గుర్తుపట్టదేమో! మనిషి గుర్తుపట్టినా ప్రాణం పట్టదు కదా, దానికి నేను చెప్పింది నీలం తలుపు.

అన్నిటికంటే కడుపుమంట ఏమిటంటే, మళ్ళీ పిలుద్దామన్నా నాకు మాట లేకుండా పోయింది. అమ్మ ఇచ్చిన మాట అదొక్కటే. నిన్న గుమ్మంలో నించుని "యూచింగ్" అన్నానో లేదో, అవతల స్కూటరు మీద పోయే కుర్రాడు "అన్నం వేడిగా ఉందీ!" అని అరిచి పోయాడు. నోరు మూసుకుని లోపలికొచ్చేశాను.

అక్క


పెంఘు, సెప్టెంబరు 30

అక్కా,

పోలీసుల దగ్గరికి పరిగెత్తకు. ఏడవకు. చిన్నపిల్ల కాదు, ఎక్కడో ఒకచోట శుభ్రంగా తింటూనే ఉంటుంది. ఆ నూడుల్స్ పని మాత్రం నువ్వు చెయ్యకుండా ఉండాల్సింది. తప్పేముందో చెప్పమన్నావు కదా, చెప్పాను.

ఇక్కడ గాలులు మొదలయ్యాయి. వేరుశనగ కాయలు ఒలవడం అయిపోయింది, ఈసారి పని తొందరగానే తెమిలింది. ఎన్నాళ్ళ నుంచో మూతపడని నా పడమటి కిటికీ ఇప్పుడు పడుతోంది. నీ ముల్లంగి పచ్చడి రెండు జాడీలు పంపు. ఒకటి చాలదు. చేపలు కూడా ఈ మధ్య పొద్దున తెచ్చినవి సాయంత్రానికి ఉండటం లేదు. పగలు పన్నెండింటి దాకా దుప్పటి ముసుగు తియ్యని మనిషికి అంత ఆకలి ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు అర్థం కాదు.

తలుపుకు బూడిద రంగేమిటి, నీ బుర్రకు కూడా అదే రంగు వేసుకున్నావా?

సూలువాన్


తైనాన్, అక్టోబరు 8

సూలువాన్,

ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కిటికీ ఎవరు బాగుచేశారు? రెండు జాడీలు ఎవరికి? పన్నెండింటి దాకా ముసుగుతన్ని పడుకునేది ఎవరు?

నీ ఇంట్లో మగమనిషిని పెట్టుకున్నావు కదూ!

ఇక్కడ నా మనవరాలు కనబడక నేను నీళ్ళు కూడా మింగలేకపోతుంటే, అక్కడ నువ్వు ఈ వయసులో కొత్త కాపురం పెట్టావు. మీ ఆయన పోయి ఎన్నేళ్ళయిందో నాకు తెలుసు, ఒంటరితనం ఉంటుంది, కాదనను. కానీ చూసి చూసి ఒక సోమరిని తెచ్చుకుంటావా? పగలంతా నిద్రపోయేవాడు పేకాటగాడైనా అయుండాలి, తాగుబోతైనా అయుండాలి. చుట్టుపక్కల వాళ్ళేమంటున్నారు? నీకు వినబడదు కాబట్టి వాళ్ళ మొహాలైనా చూడు. ఇల్లు నీ పేరు మీదే ఉందా? కాగితాలేవీ సంతకం పెట్టకు. వాడికి దగ్గు ఉందా? ఉంటే దూరంగా పడుకోమను.

పచ్చడి రెండు జాడీలూ పంపుతున్నాను. వాడికోసం కాదు, నీకోసం. మరీ పులిసినది కింద జాడీలో ఉంది, అది వాడికి పెట్టు.

ఆచింగ్ జాడ లేదు. రోజూ దాని కంచం పెట్టి తీస్తున్నాను. ఆ కుర్రాళ్ళు రావడం మానేశాక ఇల్లు ఇంత చడీచప్పుడు లేకుండా ఉంటుందని నాకు తెలియదు.

అక్క బీహో


పెంఘు, అక్టోబరు 16

అక్కా,

నీ ఉత్తరం చదివి నవ్వీ నవ్వీ నాకు కడుపునొప్పి వచ్చింది. అవును, ఒకరున్నారు. దగ్గు లేదు. తాగుడు లేదు, సోడా తప్ప. పేకాట కాదు గానీ ఆటగాళ్ళే. గుర్రం ఏట పుట్టారు. ఆ పులిసిన పచ్చడి జాడీ ఒంటిచేత్తో ఖాళీ చేసి, "ఇంత పులుపు అమ్మమ్మే పట్టగలదు" అన్నారు.

ఇప్పుడు అర్థమైందా? కూర్చో. నీళ్ళు తాగు.

ఆచింగ్ పడవ దిగి తిన్నగా నా దగ్గరికే వచ్చింది. "ఈ దేశంలో అమ్మమ్మ గొంతు వినబడని ఇల్లు ఇదొక్కటే చిన్నమ్మమ్మా" అని పలక మీద రాసి చూపించింది. నీకు చెప్పనని నాచేత ఒట్టు వేయించుకుంది. అందుకే చెప్పలేదు, తిట్టుకో. ఒట్టు తనే తీసేశాక రాస్తున్నాను.

నిన్న ఏమైందో విను. రేవులో అందరూ నీ మాటలు పెదాలతో ఆడుతూనే ఉన్నారు. నాకు ముక్కలు ముక్కలుగా తెలుసు గానీ మొత్తం ఏమిటో తెలియదు. "నీ ఫోన్లో పెట్టు" అన్నాను. "నీకు వినబడదు కదా!" అంది. "అయితే నా ఎదురుగా కూర్చుని నోటితో చెప్పు." మొహం మాడ్చుకుంది. తర్వాత సరే అని, వాళ్ళందరూ చేసేలా మూతి వంకర్లు తిప్పుతూ, కళ్ళు గుండ్రంగా చేసి మొదలెట్టింది. నాకు ఒక్క అక్షరం అందలేదు. "ఊహూ, వెక్కిరింత నాకు అర్థం కాదు. నెమ్మదిగా, సరిగ్గా చెప్పు" అన్నాను.

అప్పుడు సరిగ్గా చెప్పింది. తన పేరు, ఏడు, ఊరు, చేపల బజారు, లియావ్ పక్కిల్లు. నీలం తలుపు తీసే ఉంది. అన్నం వేడిగా ఉంది. అక్కడికొచ్చేసరికి పెదాలు ఆగిపోయాయి. అమ్మ నోటితో ఆ మాటలు చూసి ఎన్నేళ్ళయిందో అక్కా. నాకూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఆ రోజు నిజంగానే భయం వేసింది చిన్నమ్మమ్మా. ఊపిరి అందలేదు. అమ్మమ్మ వచ్చి పిలిచాకే చేతుల వణుకు ఆగింది. ఆ సంగతి ఆ ముక్కలో లేదు. కత్తిరించేశారు" అని రాసింది.

బియ్యపు తొట్టి వెనక నేను బదులు పలికిన సంగతి చెప్పాను. "అక్కడ ఆ రోజు ఎవరూ పలకలేదే, అందుకే మీ అమ్మమ్మ ఇంకా మూట విప్పి ఉండదు" అన్నాను. లేచి వెళ్ళి గోడ దగ్గర సముద్రం వైపు తిరిగి నించుంది. గాలికి జుట్టంతా మొహం మీదికి వచ్చి, ఆటలో దయ్యంలాగే ఉంది. కాసేపటికి ఇటు తిరిగింది. నాకు వినబడలేదు గానీ పెదాలు చూశాను.

"వచ్చేశా" అంది.

గాలి తగ్గితే ఇరవై ఆరో తేదీ పగటి పడవకు పంపుతాను. షరతులు రాయమంది: నూడుల్స్ వాళ్ళతో మాట్లాడకూడదు, గదిలోకి వచ్చేముందు తలుపు కొట్టాలి, మైకు మీద ఎర్ర దీపం వెలుగుతుంటే నోరు తెరవకూడదు. ప్రాణం పోతున్నట్టు అరిస్తే అప్పుడు మాత్రం రావచ్చట.

నీ చెల్లి సూలువాన్


తైనాన్, అక్టోబరు 21

సూలువాన్,

నీకు బుద్ధుందా? నెల్లాళ్ళు! ఒట్టు వేస్తే మాత్రం, కాలి వేళ్ళతో రాసైనా తెలియజెయ్యలేవా? లేని ముసలివాణ్ణి రోజూ తిట్టుకున్నాను. తిట్టీ తిట్టీ జాలేసి, పెంఘు గాలికి కాళ్ళు పగిలి చస్తాడని ఉన్ని మేజోళ్ళు కూడా అల్లాను. ఇదిగో ఈ పొట్లంలోనే ఉన్నాయి. నీ పాదాలకు పెద్దవవుతాయి, రెండు జతలూ ఒకదాని మీద ఒకటి తొడుక్కో.

మూట నిజంగానే విప్పలేదు. దాని చొక్కా, బియ్యం అలాగే బీరువా మీద ఉన్నాయి. పురుగు పట్టుంటుందేమో. వచ్చాక దాని ఎదురుగానే విప్పుతాను.

షరతులన్నీ ఒప్పుకున్నానని చెప్పు. నూడుల్స్ కుర్రాడికి కబురు పంపాను, నా గొంతు దుకాణం తలుపు మీంచి తీసెయ్యమని. పైవాళ్ళను అడగాలట. అడగమన్నాను, రోజూ అడుగుతాను, వాడికి నా సంగతి ఇంకా తెలియదు. ఇరవై ఆరున సముద్రం అల్లకల్లోలంగా ఉంటే పంపొద్దు. అలాగని ఇరవై ఏడు దాటనివ్వొద్దు. పడవలో మధ్య సీటులో కూర్చోమను. అల్లం ముక్క దగ్గర పెట్టుకోమను. లోపల బనీను ఉందా దానికి?

ఇవాళ పొద్దున తలుపు బూడిద రంగు గోకించి మళ్ళీ నీలం వేశాను. నిచ్చెన లియావ్ పట్టుకున్నాడు. సగం వేస్తుండగానే సందు చివర నుంచి ఇద్దరు పిల్లలు "అదిగో!" అని పరిగెత్తుకొచ్చారు. ఫోన్లు లోపల పెట్టించి, చేతికి బ్రష్షులిచ్చాను. వాళ్ళే పూర్తి చేశారు. గంజి పోసి పంపాను. ఏం చెయ్యను, ఆకలన్నారు.

తేమకు రంగు ఆరడం లేదు, ఆ రోజుకు ఆరుతుందో లేదో నాకు నమ్మకం లేదు. తలుపు మీద చెయ్యి వెయ్యొద్దని ఆచింగ్‌కు చెప్పు. తొయ్యక్కర్లేదు, తీసే ఉంటుంది.

అక్క బీహో